నూనె పూసిన దూలం

బర్మాలో, తాకేటా పేటలో, ఒక సందుకూ బస్సులు తిరిగే రోడ్డుకూ నడుమ పన్నెండడుగుల మురుగుకాలువ ఉంది. పోటు సమయానికి పజుందౌంగ్ వాగు నీళ్ళు దాన్లోకి ఎగదన్నుకొస్తాయి. పాటుకు తిరిగి పోతూ బురదనూ ప్లాస్టిక్ సంచులనూ వదిలిపోతాయి. దాని మీద ఒకప్పుడు టేకు బల్లల వంతెన ఉండేది. సైన్యం గద్దెనెక్కిన ఏడాది, మార్చి నెలలో, సందులోని వాళ్ళే ఆ బల్లలను ఊడబెరికి ఇసుక బస్తాలతో కలిపి రోడ్డుకు అడ్డంగా పేర్చారు. సైనికులు వచ్చి బల్లలను తగలబెట్టారు. అడ్డూ పోయింది, వంతెనా పోయింది. తిట్టడానికి ఎవరూ దొరకని నష్టం అది.

మనుషులకైతే రెండు వెదురు బొంగులు వేసుకున్నారు. చేతిలో చెప్పులు పట్టుకుని, పైబొంగు ఆసరాగా, పిట్టల్లా దాటేవారు. కాని కోటేశ్వరి తోపుడుబండి బొంగుల మీద నడవదు కదా.

ఆ బండి మీద కోటేశ్వరి పంతొమ్మిదేళ్ళుగా బస్సుల రోడ్డు పక్కన అట్లు పోస్తోంది. బర్మావాళ్ళు తోషే అంటారు, మనవాళ్ళు అట్టంటారు, తినేటప్పుడు మాత్రం అందరూ ఒకేలా వేళ్ళు నాకుతారు. ఇనుప పెనం, బొగ్గుల పొయ్యి, పిండి బాల్చీ, సాంబారు గిన్నె, అన్నీ పెడితే ఇద్దరు మనుషుల బరువు. ఆ సాంబారు గిన్నెకు ఒక పక్క సొట్ట పడి ఉంది. సైన్యానికి నిరసనగా రాత్రి ఎనిమిది కొట్టగానే ఊరంతా గిన్నెలు వాయించిన రోజుల్లో కోటేశ్వరి కూడా అట్లకాడతో దాన్ని బాదింది. గిన్నె సొట్ట పడింది, గద్దె మీది వాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఇప్పుడు బండి పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. పెనం తుప్పు పట్టకుండా రెండు రోజులకోసారి నూనె రాసి తుడిచేది. అట్టు పోయని పెనానికి నూనె రాస్తున్న చెల్లెల్ని చూసినప్పుడల్లా దండాసి ముఖం తిప్పుకునేవాడు. దానికి మొగుడు లేడు. ఉన్నది ఆ బండి.

దండాసి తాపీమేస్త్రి. వయసు యాభై రెండు. అయిదో తరగతిలో తండ్రి పోతే పలక పక్కనపెట్టి తాపీ పట్టాడు. తాకేటాలో సగం మెట్లు, తామ్వేలో ఎన్నో గుమ్మాల మీది లింటెళ్ళు అతని చేతి మీదుగా లేచినవే. కట్టింది అతను, కింద సంతకం పెట్టింది ఇంకొకడు. మేస్త్రి అయినప్పటి నుంచి, ముప్ఫై ఏళ్ళుగా ఆ సంతకాలను చూసి చూసి, చొక్కా జేబులో పెన్ను కనబడితే చాలు అతని పెదవి ఒక పక్కకు వంకర తిరిగేది.

అలాంటి దండాసికి, చెల్లెలి ఇంటి మేడగదిలోనే ఒక పెన్ను జేబు దాపురించింది.

పేరు రాజమోహన్. తామ్వేలో ఒకప్పటి బట్టల వర్తకుల ఇంటి బిడ్డ. కాలేజీలో సివిల్ ఇంజనీరింగు చెప్పేవాడు. సైన్యం కింద కొలువు చెయ్యనని పాఠం మానేసిన వాళ్ళలో అతనొకడు. ఇంటికి వెతుక్కుంటూ వచ్చారని తెలిసి, పిండి మర దగ్గర పరిచయమున్న కోటేశ్వరి పంచన చేరాడు. బయటికి పోలేడు. ఫోన్లో ఇంటర్నెట్టు తీసేశారు. పుస్తకాలు తామ్వేలో ఉండిపోయాయి. పగలంతా కిటికీ తెర సందులోంచి ఆ కాలువను చూసి చూసి, ఒకనాడు మెట్లు దిగి వచ్చాడు.

"మేస్త్రీ, వంతెన కడదామా?"

దండాసి బీడీ ఆర్పకుండానే అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "దేంతో కడతారు సయాగారూ? ఇనుము నేదు. నాలుగు బస్తాల సిమ్మెంటుంది, అదీ నా మంచం కింద దాసినాను. మీ కాలేజీలో గాలితో కట్టడం సెప్తారేటి?"

సయా అంటే బర్మాలో అయ్యవారు. దండాసి దానికి గారు తగిలించి, ఆ రెంటినీ కలిపి చెంపదెబ్బలా వాడేవాడు.

రాజమోహన్ నొచ్చుకోలేదు. "గాలి కాదు. గాజునార. చిమిండైంగ్ రేవులో కన్నయ్య పాతసామాన్ల కొట్టు వెనక ఫైబరు పైపులు పడున్నాయని కోటేశ్వరి పిన్ని చెప్పింది."

ఉన్నమాటే. ఏదో ఫ్యాక్టరీ కోసం ఓడలో వచ్చి, ఫ్యాక్టరీ వాళ్ళు దేశం వదిలి పారిపోగా మిగిలిన పైపులు. ఎనిమిదంగుళాల లావు, పదిహేనడుగుల పొడవు. గాజునారను జిగురులో ముంచి ఏటవాలుగా, జడ అల్లినట్టు చుట్టినవి. కొనే దిక్కు లేక కన్నయ్య వాటి మీద లుంగీలు ఆరేసుకుంటున్నాడు. అడిగితే, "పట్టుకుపోండి, నా దండెం మాత్రం ఒకటి ఉంచండి" అన్నాడు. ఉన్నవి నాలుగు. దండెం పోను మూడు. పడవ మీద వాగు చుట్టూ తిప్పి, పోటు నీటిలో సందు వెనక్కి చేర్చారు.

"వంతెనకు రెండు చాలు. ఒకటి మిగులు," అన్నాడు రాజమోహన్. "పైపులో కాంక్రీటు పోస్తాం. ఇనుపచువ్వ అక్కర్లేదు."

"సువ్వ నేకుండా దూలమా? ఇరిగిపోద్ది. నాను సంకలో బిడ్డప్పటి నుండీ సూత్తన్నాను."

"విరగదు. నేను లెక్క వేశాను."

"లెక్క," అన్నాడు దండాసి. ఆ ఒక్క మాటలో ముప్ఫై ఏళ్ళ కసి కక్కాడు. కాని టార్పాలిన్ కింద బండి కనబడుతోంది. ఒప్పుకున్నాడు.

మొదటి పైపు నింపిన నాడు పెద్దరోడ్డులో గస్తీ లారీ తిరుగుతోంది. రాజమోహన్ను కోటేశ్వరి గది దాటనివ్వలేదు. దండాసికి అదే హాయిగా తోచింది. పక్కన నిలబడి ఇలా కాదు అలా అనేవాడు లేడు. పైపును గోడకు ఏటవాలుగా ఆనించి, అడుగున మూత బిగించి, కంకర కడిగి, రెండు బస్తాల సిమెంటు కలిపి, వెదురుతో కుమ్ముతూ పోశాడు. బుడగ లేకుండా, ఎక్కడా బోలు లేకుండా నింపాడు. చూసినవాళ్ళు చేతిపని అంటే ఇదీ అన్నారు.

పన్నెండు రోజులు గడిచాక ఒక సాయంత్రం కోటేశ్వరి టీ ఇచ్చింది. పెరట్లో ముగ్గురూ కూర్చున్నారు. కాలువకు అవతల టీకొట్టు నడిపే బర్మా ఆవిడ డా న్యుంట్ కూడా, బేరాలు లేక, బొంగులు దాటి వచ్చి పీట లాక్కుంది. ఆమెకు తెలుగు రాదు గాని తెలుగు నవ్వులన్నీ అర్థమవుతాయి.

"అది సరే గాని బాబూ," అంది కోటేశ్వరి, "సువ్వ నేకుండా అదెలా ఆగుతాది? నా బండి కాలవలో పడితే నన్నూ అందులోనే పారీయాల."

రాజమోహన్ కాలి రబ్బరు చెప్పు తీసి రెండు చేతులతో వంచాడు. "చూడు పిన్నీ. వంచితే పైభాగం నలుగుతోందా? అడుగు సాగుతోందా? కాంక్రీటు ఎంత నలిపినా ఓర్చుకుంటుంది. సాగదీస్తే మాత్రం పుటుక్కుమంటుంది. అందుకే మేస్త్రి అడుగున చువ్వ వేస్తాడు. ఇక్కడ ఆ సాగుడును పైపు పడుతుంది. పైపే మన చువ్వ."

"బాగుంది."

"ఒక్కటే షరతు." అతను రెండో చెప్పు కూడా తీసి, రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి వంచాడు. కొసల దగ్గర పైచెప్పు జారి కిందిదాన్ని దాటి వచ్చింది. "ఇలా జారకూడదు. పైపూ లోపలి కాంక్రీటూ ఒక్క ఒళ్ళులా వంగాలి. జారిందా, ఎవరికి వారే. కాంక్రీటు లోపల విరిగి కూర్చుంటుంది, బరువంతా ఒట్టి పైపు మీద పడుతుంది."

దండాసి చేతిలో టీ గ్లాసు పెదవి దాకా వెళ్ళి ఆగిపోయింది.

అచ్చుగా బిగించే షట్టరింగు పలకకు నూనె రాయకుండా కాంక్రీటు పోసే మేస్త్రి ఈ భూమ్మీద లేడు. నూనె రాస్తే పలక తేలిగ్గా ఊడొస్తుంది. రాయకపోతే కాంక్రీటును పట్టుకు పీకుతుంది. పదకొండో ఏట అతను నేర్చుకున్న మొదటి పని అదే, గుడ్డపేలిక నూనెలో ముంచి పలకలకు రాయడం. ఆ రోజు పైపు నింపబోయే ముందు కూడా, పొడుగాటి కర్రకు గుడ్డ చుట్టి, పాత ఇంజన్ ఆయిలులో ముంచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా లోపలంతా నున్నగా రాశాడు. ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటదే రాసేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పనితో వచ్చిన బుద్ధి అంతకన్నా మొండిది.

"అన్నా, టీ సల్లారిపోతంది," అంది కోటేశ్వరి.

"ఆఁ," అన్నాడు దండాసి.

చెబుదామనే అనుకున్నాడు. నోరు తెరిస్తే ఎదురుగా ఆ పెన్ను. నవ్వుతాడు. నవ్వకపోయినా, పాపం చదువుకోలేదు కదా అన్నట్టు చూస్తాడు. అది నవ్వుకన్నా చేదు. సందులో వాళ్ళు బొంగులు దాటుతూ, ముప్ఫై ఏళ్ళ మేస్త్రి నూనె రాశాడట్రా అని చెప్పుకుంటారు. ఏమో, పట్టు దొరికిందేమో. నూనె ఎండిపోయిందేమో. ఇలా ఏమో ఏమో అనుకుంటూ ఇంకో పదహారు రోజులు గడిపాడు. ఇరవై ఎనిమిదో రోజున మాత్రం ఒక్కమాట అన్నాడు.

"బరువు పెట్టి సూసేకే కాలవ మీద వేత్తాను."

రాజమోహన్ తటపటాయించాడు. "అక్కర్లేదు మేస్త్రీ. మూడింతలు ఎక్కువ బలమే లెక్కలో ఉంది. బస్తాలూ జనమూ అంటే బయట కళ్ళు పడతాయి."

"ఓలమ్మా, ఇంకా ఎన్నాళ్ళన్నా?" అని కోటేశ్వరి కూడా విసుక్కుంది. "పెళ్ళికూతురికైనా ఇన్ని సూపులు ఉండవు."

"బరువు పెట్టి సూడాల," అన్నాడు దండాసి. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పెరట్లోనే రెండు ఇటుక దిమ్మలు కట్టి, పది మంది దుంగల మీద దొర్లించి దూలాన్ని ఎత్తిపెట్టారు. కొస నుంచి కొసకు బిగువుగా దారం లాగి, నడిమధ్య కొలబద్ద నిలబెట్టారు. దూలం వంగితే దారానికీ దూలానికీ మధ్య సందు పెరుగుతుంది. అదే కొలత. ఇసుక బస్తాలకు కొరత లేదు, రోడ్డుకు అడ్డం వేసినవే సగం ఇళ్ళలో దాగి ఉన్నాయి. కొన్నింటికి కాలిన మచ్చలు. మీరు సైన్యాన్ని ఆపలేదు, కనీసం ఇదైనా చెయ్యండని డా న్యుంట్ బస్తాలతో అంది, అందరూ నవ్వారు.

నాలుగు బస్తాలకు ఏమీ లేదు. ఎనిమిది బస్తాలకు గోరంత వంగాలని రాజమోహన్ కాగితం చెప్పింది. వేలెడు వంగింది. అతను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పదో బస్తా పడగానే లోపల ఎక్కడో టక్కుమని, మూసిన గదిలో చెంబు పడ్డట్టు, ఒక చప్పుడు వచ్చింది. పైపు చెక్కు చెదరలేదు. కాని దాని కొస నుంచి కాంక్రీటు, తాబేలు తల బయటపెట్టినట్టు, బుడిపెలా ముందుకు వచ్చింది.

"ఆపండి!" అన్నాడు రాజమోహన్.

అతను మోకాళ్ళ మీద కూర్చుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నా తప్పే," అన్నాడు చివరికి. "పట్టు చాలుతుందనుకున్నాను. పుస్తకం దగ్గర లేదు, జ్ఞాపకం మీద వేశాను. ఎక్కడో తప్పింది. పిన్నీ, నన్ను క్షమించు. తప్పు ఎక్కడుందో తెలియకుండా దీని మీద మనిషిని నడవనివ్వను. వంతెన మాట మానేద్దాం. తొమ్మిదేళ్ళు పాఠం చెప్పాను, అంతే, బోర్డు మీదే."

దండాసి ఆ మాటలు విన్నాడు. పెన్ను జేబువాడు, నలుగురి ఎదుట, మోకాళ్ళ మీద, నా తప్పే అంటున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఏ మేడ కింద నిలబడి ఈ మాట వినాలని ఎదురుచూశాడో, ఆ మాట. నాలుక మీద బెల్లంముక్కలా పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఒక బీడీ కాలినంత సేపు అది తియ్యగానే ఉంది.

కోటేశ్వరి వెళ్ళి, గాలికి తొలగిన టార్పాలిన్ను బండి మీదికి మళ్ళీ లాగి, తాడు ముడి వేసింది. విప్పే పని ఇప్పట్లో లేనట్టు రెండు ముళ్ళు వేసింది.

"ముడి ఇప్పు, కోటీ," అన్నాడు దండాసి.

"ఏటన్నా?"

"ముడి ఇప్పమన్నాను." తర్వాత రాజమోహన్ వైపు చూడకుండా, దూలం వైపు చూస్తూ అన్నాడు. "లెక్క తప్పు కాదు సయాగారూ. నాను నూనె రాసినాను."

"ఏమిటి?"

"లోపల. పైపంతా. పలకకి రాసినట్టు. సెప్పుల కత సెప్పిన్నాడే తెలిసింది నాకు. సెప్పనేదు."

రాజమోహన్ లేచి కొస దగ్గరికి వెళ్ళాడు. బయటికి వచ్చిన కాంక్రీటు అంచును వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంజన్ ఆయిలు వాసన. అతని భుజాలు కదిలాయి. దండాసి పళ్ళు బిగించాడు. నవ్వనీ. నవ్వితే నవ్వాడు.

నవ్వాడు. కాని అది దండాసి ఎదురుచూసిన నవ్వు కాదు. పోయిన తాళంచెవి లుంగీ మడతలోనే దొరికినవాడి నవ్వు.

"అయితే లెక్క సరే! మేస్త్రీ, లెక్క సరే! జారితే ఇలా అవుతుందని తొమ్మిదేళ్ళు పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీశాను. కళ్ళతో ఒక్కసారీ చూడలేదు. మీరు చూపించారు."

"ఎటకారమా?"

"ఒట్టు. ఇంకో సంగతి చూశారా? జారినా పడలేదు. ఒట్టి కాంక్రీటయితే ఈపాటికి రెండు ముక్కలు. ఇది వంగి, చప్పుడు చేసి, మనకు చెప్పి, ఇంకా మోస్తోంది."

అప్పటికి కోటేశ్వరికి సంగతి బోధపడింది. నడుం మీద చెయ్యి వేసింది.

"పెనానికి నూనె రాసినట్టు రాసీసినావేటి అన్నా! నూనె రాత్తే అట్టు ఊడొత్తాదని నాకు తెలుసే! నన్నడిగితే సెప్పనా? ఇద్దరు మొగోళ్ళు, ఒకడు అయిదు సదివినాడు, ఒకడు ఊరంత సదివినాడు, అట్లు పోసీదాన్ని అడిగినోడు నేడు!"

డా న్యుంట్కు ఎవరో బర్మీసులో చెప్పారు. ఆమె పీట మీద నుంచి పడబోయి ఆగింది. సందు సందంతా నవ్వింది. ఆ నవ్వు దండాసి అనుకున్నంత చేదుగా లేదు. మార్చి తర్వాత ఆ సందు అంతగా నవ్వింది అదే మొదలు. తన మూలంగానే కదా అని ఒక మూల గర్వం కూడా వేసింది.

మిగిలిన పైపులు రెండూ ఖాళీగానే ఉన్నాయి, వంతెనకు కావలసినవీ రెండే. ఈసారి నూనె ఊసు లేదు. పడవలకు పూసే జిగురు కన్నయ్య దగ్గర తెచ్చి, పైపుల లోపల పూశారు. అది తడిగా ఉండగానే ముతక ఇసుక పోసి, పైపును నేల మీద అటూ ఇటూ దొర్లించారు. ఇసుక గోడలకు అంటుకుని ఆరిపోయాక చెయ్యి పెట్టి చూస్తే పులినాలుకలా గరగరలాడింది. ఆ దొర్లించే ఉపాయం దండాసిదే. రాజమోహన్ బ్రష్షు కట్టిన కర్రతో ఇసుక అంటిద్దామన్నాడు. "కర్ర సాల్దు, దొర్లించాల" అన్నాడు దండాసి. దొర్లించారు. సిమెంటుకు లోటు పడితే డా న్యుంట్ తన కొట్టు గట్టు కోసం దాచిన రెండు బస్తాలు ఇచ్చింది. పోసేటప్పుడు ఈసారి రాజమోహన్ గస్తీని లెక్కచెయ్యక, తలకు తువ్వాలు చుట్టి, కూలివాడిలా పక్కనే నిలబడి కుమ్మాడు. అతని కుమ్ముడు చూసి దండాసికి జాలి వేసింది.

"సయాగారూ, అది కాంక్రీటు. పిల్లికి జోల పాడుతున్నారేటి?"

వానలు వచ్చాయి. ఆ తడికి దూలాలు రాయిలా గట్టిపడ్డాయి. ఇరవై ఎనిమిదో నాడు మళ్ళీ దిమ్మలు, మళ్ళీ దారం, మళ్ళీ బస్తాలు. పది బస్తాలకు గోరంత. ఇరవై బస్తాలకు గోరుకు కొంచెం ఎక్కువ. బస్తాలు దించగానే దూలం దారం దగ్గరికి తిరిగి వచ్చేసింది. కొసలు కదల్లేదు. రెండో దానికీ అంతే. రాజమోహన్ కాగితం మీద టిక్కు పెట్టి, పెన్ను దండాసికి చాచాడు.

"ఏటిది?"

"సంతకం."

"నానా? నాకు తెలుగులో పేరు రాయడమే వొచ్చు."

"తెలుగులోనే పెట్టండి."

దండాసి చేతులు లుంగీకి తుడుచుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టి, మూడక్షరాలు రాశాడు. ద కింద ఒత్తు పెట్టబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి ఆగాడు. దాని పక్కన రాజమోహన్ సంతకం చెయ్యలేదు. తన పేరు ఏ కాగితం మీదా ఉండకూడని రోజులవి. ఆ కాగితాన్ని కోటేశ్వరి పసుపు డబ్బాలో దాచింది.

పోటు నీటిలో, రెండు పడవల మీద ఆనించి, దూలాలను ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ చేర్చారు. పైన బల్లలు పరిచారు. మర్నాడు తెల్లవారాక కోటేశ్వరి రెండు ముళ్ళూ విప్పి, బండిని బయటికి తోసింది. వంతెన మొదట్లో ఒక్క క్షణం ఆగి అన్న వంక చూసింది. దండాసి ముందు వెళ్ళి, వంతెన నడిమధ్య, బల్లల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అడ్డం లెగు, నా బండి పోవాల!"

"ముందు నాను కూకుంటాను. తరవాత నీ బండి."

రెండు నిమిషాలు కూర్చుని లేచాడు. బండి గడగడమంటూ దాటిపోయింది. బల్లలు మోగాయి, దూలాలు కిమ్మనలేదు.

నూనె రాసిన ఆ మొదటి దూలాన్ని దండాసి పగలగొట్టి కాలువలో పారేస్తానన్నాడు. రాజమోహన్ ఒప్పుకోలేదు. "కాలేజీ మళ్ళీ తెరిస్తే పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తాను" అన్నాడు. ఎప్పుడు తెరుస్తారని ఎవరూ అడగలేదు. దాన్ని డా న్యుంట్ టీకొట్టు ముందర రెండు ఇటుకల వరసల మీద పెట్టారు. ఇప్పుడది బెంచీ. నడిమధ్య వేలెడు వంగి ఉండడం వల్ల ఎవరు కూర్చున్నా జారి నడిమికే వస్తారు. అందుకని అక్కడ తగువులు తక్కువ, ముచ్చట్లు ఎక్కువ.

దండాసి పొద్దున్నే వచ్చి, తాబేలు తల బయటపెట్టిన కొస దగ్గర కూర్చుంటాడు. కోటేశ్వరి అతనికి అట్టు పోసే ముందు బండి దగ్గర నుంచి కేకేస్తుంది.

"అన్నా! నూనె ఎంత రాయమంటావు?"

"నీ ఇష్టమొచ్చినంత రాయి," అని అతను కూడా కేకేస్తాడు. "నువ్వు పోసీది అట్టేగా!"